రొట్టె విమానం

అక్టోబరు 3, మంగళవారం

ఈ నోటు పుస్తకం ఎయిర్‌పోర్ట్‌లో నేల తుడుస్తుంటే నాలుగో గేటు దగ్గర కుర్చీ కింద నాకే దొరికింది. పోగొట్టుకున్న సామాన్ల గదిలో మూడు నెలలు ఉంచారు, అడగడానికి ఎవరూ రాలేదు. మొదటి పేజీలో ఎవరో రెండు మాటలు రాసి కొట్టేశారు. మిగతాదంతా తెల్లగానే ఉంది. ఇంట్లో నేను తప్ప చదివేవాళ్ళు లేరు కాబట్టి దాచాల్సిన పని కూడా లేదు.

డ్యూటీ దిగి వచ్చి, రేపటికి ఎండు దుంపలు నానబోస్తుంటే ఫోన్ మోగింది. బ్రెజిల్ నంబరు. రెండున్నరేళ్ళ కిందట ఆ దేశం నుంచి ఫోన్ వచ్చినప్పుడు మా ఆయన సెవెరో పోయారని చెప్పారు. పోవలసిన మనిషి పోయాక ఇంకెవరు పోతారులే అని ఎత్తాను.

ఆడగొంతు. "సతుర్నీనా గారేనా అండీ? నా పేరు నిల్దా. సావో పాలో నుంచి మాట్లాడుతున్నా. సెవెరో గారు పనిచేసిన కుట్టు షాపులో వంట చేసేదాన్ని."

"అయితే?"

"పెట్టేయకండి. ఒక్క మాట అడగాలి. ఈ ఏడు మూడో ఏడు కదండీ. సాగనంపేది మీరా, నేనా? నేనూ రెండేళ్ళుగా ఇక్కడ బల్ల వేస్తున్నా."

పెట్టేశాను.

వంటావిడ బల్ల వేయడమేమిటి? ఎవరి ఆత్మకు ఎవరు బల్ల వేస్తారు? ఆకలైన కూలీలకు అన్నం పెట్టినంత మాత్రాన పోయినవాళ్ళకు కూడా పెట్టాలని ఎక్కడైనా ఉందా?

పోయినవాళ్ళు నవంబరు ఒకటి మధ్యాహ్నం పన్నెండుకు దిగుతారు, రెండో తేదీ పన్నెండుకు వెళ్ళిపోతారు. మూడేళ్ళే ఆ రాక. మూడో ఏడు సాగనంపాక మళ్ళీ రారు. సెవెరో రాకలు రెండు అయిపోయాయి. రెండు సార్లూ నల్లగుడ్డ పరిచాను, చెరకు గడలు కట్టాను, దిగడానికి మెట్ల రొట్టె, ఎక్కి పోవడానికి గుర్రం రొట్టె, దాహానికి నీళ్ళ గ్లాసు, అన్నీ పెట్టాను. గ్లాసులో నీళ్ళు గీత కూడా తగ్గలేదు. వచ్చిన గుర్తుగా ఈగ వాలలేదు, కొవ్వొత్తి కదలలేదు. ఆయన్ని అక్కడే పూడ్చారు. నాకు సమాధి లేదు. ఉన్నదల్లా ఈ బల్ల ఒక్కటే, ఈ ఏడు ఒక్కటే.

అక్టోబరు 4

ఆమె మళ్ళీ చేయలేదు. మంచిదే.

అక్టోబరు 6, శుక్రవారం

రెనాన్ గారి గది తుడవడానికి వెళ్ళాను. విమానాలకు దారి లెక్కలు వేసేది ఆయనే. ఎంత దూరం, ఎంతసేపు, గాలి ఎటు, అన్నీ ఆయన కాగితం మీద ఉంటాయి. నేను కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళగానే కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ఎత్తుకుని, కోకా ఆకుల టీ గ్లాసు గుండెల దగ్గర పెట్టుకుంటారు.

"రెనాన్ గారూ, ఇక్కణ్ణుంచి సావో పాలో ఎంత దూరం?"

"ఏం సతుర్నీనమ్మా, డాన్సులకి పోతున్నావా?"

"నేల ఆరేలోపు చెప్పండి, ఇంకా మూడు గదులున్నాయి."

"గీత గీసినట్టు పోతే రెండువేల నాలుగొందల కిలోమీటర్లు, ఓ పది తక్కువ. నేరుగా పోయే విమానం లేదు మనకి, సాంతా క్రూజ్‌లో దిగి మారాలి. ఉంటే మాత్రం అటు పోయేటప్పుడు మూడు గంటలకి కాస్త తక్కువ. ఇటు వచ్చేటప్పుడు మూడుంపావు."

"అదే దూరమేగా?"

"దూరం అదే. గాలి అది కాదు. పైన గాలెప్పుడూ ఇటునుంచి అటు తోస్తుంది. మన దగ్గరికి రావాలంటే ఎదురుగాలి."

"అంటే ఇక్కడికి రావడం కష్టం, ఇక్కణ్ణుంచి పోవడం సులువు."

"మనుషుల్లాగే," అని టీ తాగారు.

మూడుంపావు గంటలు. సెవెరోకి మూడు రోజులు పట్టేది, బస్సులో. పదకొండేళ్ళూ పండుగకు అలాగే వచ్చారు. విమానమంటే ఆయనకు చచ్చేంత భయం. విమానాలు దిగే దారిలోనే మా ఇల్లు ఉంది కదా, ఒక్కొక్కటి నెత్తిమీంచి వెళ్తుంటే తల వంచుకునేవారు. "ఇనుము ఎగరడమేంటే, అది దేవుడికి కోపం తెప్పించే పని" అనేవారు. అందుకే పోయిన ఏడు గుర్రానికి బదులు బస్సు రొట్టె కాల్పించాను. ఊరి రొట్టెల పొయ్యి దగ్గర అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆయనకు అలవాటైన బండి అదే.

అక్టోబరు 8, ఆదివారం

బసీలియా వదిన వచ్చింది. సెవెరోకి అక్క. వచ్చీ రాగానే పీట లాక్కుని, మోకాళ్ళ మీద నీలం దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆ దుప్పటి లేకుండా ఎక్కడికీ కదలదు. ఫోన్ సంగతి చెప్పకూడదనే అనుకున్నాను. వేడి మొక్కజొన్న జావ, అపి, గ్లాసులో పోసి చేతికిస్తూ చెప్పేశాను.

"సవతి పోరు బతికున్నప్పుడు లేకుండా చచ్చాక మొదలైందా నీకు!" అంది.

"సవతేంటి వదినా, వంటావిడ."

"అవునవును, వంటావిడే. పదకొండేళ్ళు వండింది." మూతి తిప్పింది. "ఇదిగో, ఒకటి మాత్రం చెప్తున్నా. రెండు చోట్ల సాగనంపారంటే ఆత్మ దారి మధ్యలో నిలబడిపోతుంది. మా చిన్నాయన సంగతి నీకు తెలీదూ? ఊళ్ళో ఒక బల్ల, గనుల దగ్గర ఒక బల్ల. ఇప్పటికీ కొండ మలుపులో ఈల వినిపిస్తుంది. నా తమ్ముడికి ఆ గతి పట్టించొద్దు. దాన్ని మానుకోమను."

"నా దగ్గర నంబరు లేదు," అన్నాను. ఫోన్‌లో ఉంది.

"మా తమ్ముడు బంగారం. వాడి మనసులో నువ్వు తప్ప ఇంకొకతి లేదు."

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. బతికున్నప్పుడు వదిన ఆయన్ని తిట్టని రోజు లేదు.

అక్టోబరు 9

చేయలేదు. నేనేం ఎదురు చూడడం లేదు. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టింది అలారం కోసం.

అక్టోబరు 13, శుక్రవారం

నేనే చేశాను. మధ్యాహ్నం భోజనం వేళ, సామాన్ల గది వెనక నిలబడి.

"మానుకో," అన్నాను. ముందు అనుకున్న మాటలు చాలా ఉన్నాయి, అదొక్కటే వచ్చింది.

"మానుకోలేనండీ," అంది. గొంతులో పొగరు లేదు, అదే నాకు ఇంకా మండింది. "ఆయన ఇక్కడికే వస్తారు. వస్తున్నారు కూడా. రెండేళ్ళూ వచ్చారు."

"నీకెలా తెలుసు?"

"ఈగ వాలిందండీ. పెద్దది. సరిగ్గా ఆయన గిన్నె అంచు మీదే."

"సావో పాలోలో ఈగలకు కొదవా? కబేళాలో కూడా వాలతాయి. వాటన్నిటికీ దణ్ణం పెడతావా?"

నవ్వింది. నవ్వుతుందనుకోలేదు. "అదీ నిజమేనండీ. మరి మీ దగ్గర?"

మా ఊరుండే నాలుగు వేల మీటర్ల ఎత్తుకు ఈగ కూడా ఆలోచించుకుని వస్తుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఎవరిదో గొప్పల సంసారాన్ని వెక్కిరిస్తారు. మా ఇంట్లో ఈగల మోతకూ నోచుకోలేదు.

"మీరు ఏ వేళకు వెలిగిస్తారండీ?" అంది.

"పన్నెండుకి. ఎవరైనా అంతే."

"నేనూ పన్నెండుకే. కానీ మా పన్నెండు మీకు పదకొండు."

ఆ మాట నేను ఎప్పుడూ ఆలోచించలేదు. గంట ముందే అక్కడ పన్నెండవుతుంది. అంటే ఆయన ముందు అక్కడ దిగుతారు. అక్కడ పిలిచాక, కూర్చున్నాక, గిన్నె ముందు పెట్టాక, గంట తర్వాత నేనిక్కడ కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. తింటున్న మనిషిని లేపి రెండువేల నాలుగొందల కిలోమీటర్లు రమ్మంటే ఎవరొస్తారు?

అక్టోబరు 15

వదిన పొయ్యి దగ్గర మా పేరు రాయించి వచ్చింది. ముప్పైన మా వంతు. గుర్రమే చేయించమంది.

అక్టోబరు 18, బుధవారం

ఆమె చేసింది. మాటలు మామూలుగానే మొదలయ్యాయి. తనది కొచబాంబా లోయ అట. పదిహేడేళ్ళ కిందట వెళ్ళిందట. భర్త లేడు, పిల్లలు లేరు. "మీకు చెప్పకుండా ఎందుకు దాచాలి," అంది, "ఆయనకు మీరున్నారని నాకు మొదటి నుంచీ తెలుసు. అబద్ధం చెప్పను." అబద్ధం చెప్తే నేను తిట్టి ఉండేదాన్ని. చెప్పకపోయినా తిట్టి ఉండేదాన్ని. అయినా ఫోన్ పెట్టేయలేదు.

"ఈసారి వాహనం ఏం చేయిస్తారండీ?" అంది.

"పోయినేడు బస్సు."

"బస్సా! ఎందుకూ?"

"విమానమంటే భయం కదా ఆయనకు."

అటువైపు కుట్టుమిషన్ల చప్పుడు మాత్రం వినిపించింది.

"ఏమైంది?"

"ఏం లేదండీ."

"ఏమైంది చెప్పు."

"ఆయన… కిటికీ పక్క సీటు కోసం కౌంటర్లో పోట్లాడేవారండీ. ప్రతి ఏడూ. నేనే ఎయిర్‌పోర్ట్‌కి దిగబెట్టేదాన్ని. చిన్నపిల్లాడిలా సంబరపడేవారు. మేఘాల్ని ఫోన్లో తీసుకొచ్చి చూపించేవారు."

తర్వాత ఆమె ఇంకేం మాట్లాడిందో గుర్తు లేదు.

అక్టోబరు 19

సెలవు పెట్టాను. దుంపలు కడిగాను. మళ్ళీ కడిగాను.

అక్టోబరు 20, శుక్రవారం

రెనాన్ గారి గది. తుడవకుండా నిలబడ్డాను.

"సావో పాలో నుంచి సాంతా క్రూజ్ వరకూ విమానంలో వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కితే?"

"ఎందుకట్లా? తలతిక్క మనిషి గానీ చేయడు."

"చెప్పండి."

"విమానం రెండుముప్పావు. బస్సు పదిహేడు గంటలు. ఎక్కడానికి దిగడానికి కలుపుకున్నా ఒక్క రోజు."

ఒక్క రోజు. నేను బస్ టెర్మినల్లో ప్రతి ఏడూ సాంతా క్రూజ్ బస్సు దగ్గరే నిలబడ్డాను. సావో పాలో బస్సు వాళ్ళు కూడా అక్కడే మారాలి కదా, అనుమానం ఎలా వస్తుంది? మూడు రోజులు కూర్చున్న మనిషని ఉప్పునీళ్ళు కాచి కాళ్ళు అందులో పెట్టించేదాన్ని. కాళ్ళు వాచిన మాట నిజమే. పదిహేడు గంటల వాపుకు నేను మూడు రోజుల కాపడం పెట్టాను. వాడు కళ్ళు మూసుకుని "అబ్బా" అనేవాడు.

రావడంలో రెండు రోజులు, పోవడంలో రెండు రోజులు. పదకొండు సార్లు. నలభై నాలుగు రోజులు. నేను వాడు బస్సులో ఉన్నాడనుకున్న నలభై నాలుగు రోజులు వాడు అక్కడ భోంచేస్తున్నాడు. దారిలో కొండచరియలు విరిగాయని రేడియోలో చెప్తే కొవ్వొత్తి వెలిగించిన రాత్రులు కూడా అందులో ఉన్నాయి.

ఇంకొక స్త్రీ ఉందన్నది కాదు. అది నాకు… సరే, ఇది నా పుస్తకమే కదా. అది నాకు తెలుసు. నాలుగో ఏడు వచ్చినప్పుడే చొక్కా గుండీలు వేరే చేతి కుట్టుతో ఉన్నాయి. తెలిసీ తెలియనట్టు ఉన్నాను. కానీ దూరం మాత్రం నిజమనుకున్నాను. వాడు తల వంచుకున్నది కూడా నిజమనుకున్నాను.

అక్టోబరు 24, మంగళవారం

వదినతో చెప్పాను, ఈ ఏడు బల్ల లేదని. అక్కడే సాగనంపుకోనీ, నాకు అక్కర్లేదని. కారణం కూడా చెప్పాను. ఆమె ఉలిక్కిపడలేదు. దుప్పటి సర్దుకుంది.

అప్పుడు చూశాను. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న దుప్పటే. పల్చటి నీలం దుప్పటి, మూల మీద చిన్న రెక్క గుర్తు. అలాంటివి విమానం ఖాళీ అయ్యాక సంచుల్లో కుప్పలుగా బయటికొస్తాయి. రోజూ వాటి పక్కనుంచే బకెట్టు తోసుకుంటూ వెళ్తాను.

"వదినా, ఆ దుప్పటి ఎక్కడిది?"

అపి గ్లాసు కింద పెట్టింది. "తమ్ముడు చెప్పొద్దన్నాడు. ఒట్టేయించుకున్నాడు."

"ఎందుకట?"

"'విమానంలో వస్తున్నానంటే, ఇంత దగ్గరేగా, నెలకోసారి రా అంటుంది అక్కా' అన్నాడు. 'దూరమనుకుంటే ఊరుకుంటుంది' అన్నాడు." దుప్పటి మడిచి పీట మీద పెట్టింది. "నన్ను తిట్టు. తిట్టించుకోడానికే కూర్చున్నా."

తిట్టలేదు. నిజంగానే అనేదాన్ని. నెలకోసారి రా అనేదాన్ని.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "బల్ల మాత్రం మానకే. వాడి మీద కోపం వాడు వచ్చాక చూపించు. రాకుండా చేస్తే ఎవరి మీద చూపిస్తావు?" అంది. దుప్పటి ఇక్కడే వదిలేసి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులతో ఈ చలిలో.

అక్టోబరు 25

దుప్పటి వదినకు తిరిగి ఇచ్చి వచ్చాను.

అక్టోబరు 27, శుక్రవారం

నిల్దాకు ఫోన్ చేసి అంతా చెప్పాను. మూడు రోజుల బస్సు, ఉప్పునీళ్ళు, నలభై నాలుగు రోజులు. ఆమె చివర్లో ఏడ్చింది. ఏడవాల్సింది నేను కదా అనుకుంటూ విన్నాను.

"నాతో ఏమనేవారో తెలుసా అక్కా? 'మా ఆవిడ పండుగకు వారం రోజులకన్నా ఎక్కువ ఉండనివ్వదు, పనికి పొమ్మంటుంది' అనేవారు."

అక్కా అంది. నేనూ దిద్దలేదు.

"నేనా! పొమ్మన్నానా! సంచి దాచిపెట్టేదాన్ని, తెలుసా? బూట్లు పక్కింట్లో ఇచ్చేదాన్ని."

ఆమె ఏడుపులోనే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం ఒకే మనిషిని తిట్టుకుంటూ పావుగంట గడిపాము. గురక సంగతి వచ్చింది. గోళ్ళు కొరికి పొయ్యిలో వేసే సంగతి వచ్చింది. సెవెరో గురించి నేను ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడలేదు, ఆయన పోయాక.

"ఏం చేద్దాం అక్కా? రెండు చోట్ల సాగనంపితే మంచిది కాదని మా లోయలో కూడా అంటారు."

"నువ్వే చేసుకో. ఆయన వచ్చేది అక్కడికేగా."

"అదికాదు. ఒకటో తారీఖు ఇక్కడ దింపుకుంటా. మాకెలాగూ గంట ముందు. రాత్రి ఉండనీ. రెండో తారీఖు పొద్దున్నే నేను బల్ల ఎత్తేస్తా. మీ దగ్గరికి పంపిస్తా. సాగనంపేది మీరు."

"పన్నెండు కాకుండా ఎత్తేస్తావా? చేతులారా?"

"నలభై నాలుగు రోజులు తిన్నాను కదా అక్కా. ఒక్క పూట వదులుకోలేనా."

ఫోన్ పెట్టేశాక రెనాన్ గారి దగ్గరికి వెళ్ళాను. "సావో పాలోలో పొద్దున ఆరింటికి బయల్దేరితే?"

"మనకి ఐదు. ఏ విమానం?"

"విమానం కాదు. మా ఆయన."

ఆయన కాళ్ళు కిందికి దించారు. తడి నేల మీదే. కాగితం తీసుకుని నిజంగానే లెక్క వేశారు. "టికెట్ వరస లేదు, సామాను తనిఖీ లేదు, సాంతా క్రూజ్‌లో మారక్కర్లేదు. ఎదురుగాలితో మూడుంపావు. ఎనిమిదుంపావుకి నీ గుమ్మంలో ఉంటాడు."

"పన్నెండుకు మూడుముప్పావు గంటలుంటాయి."

"మాట్లాడుకోడానికి చాలు," అన్నారు.

అక్టోబరు 30, సోమవారం

పొయ్యి దగ్గర జనం. పిండి మోకాళ్ళ దాకా. మనిషి రొట్టెలకు పెట్టే చిన్న మట్టి ముఖాలు బుట్ట నిండా ఉన్నాయి. మీసాలున్నది ఒకటి ఏరుకున్నాను. ఆయనకంటే అందంగా ఉంది, అయినా తీసుకున్నాను.

"ఏం చేయమంటావ్, మళ్ళీ బస్సేనా?" అంది పొయ్యావిడ, పక్కవాళ్ళకు కన్ను గీటుతూ.

"విమానం."

నవ్వులు. వదిన నా పక్కన నిలబడి, "నవ్వేవాళ్ళంతా ఏ గాడిద మీద పోతారో చూస్తా," అంది. ఇక ఎవరూ నవ్వలేదు.

రెక్కలు రెండు సార్లు విరిగాయి. మూడోసారి లోపల చెరకు పుల్ల పెట్టి కాల్చాము. పక్కన ఐదు కిటికీలు గుచ్చాను. ముందు నుంచి రెండో కిటికీలో మీసాల ముఖం పెట్టాను. బయటికి చూస్తున్నట్టు.

నవంబరు 1, బుధవారం

పదకొండుకు గడియారం చూడకూడదనుకున్నాను. చూశాను. అక్కడ దిగి ఉంటారు.

పన్నెండుకు ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ గంటలు, టపాకాయలు. నేనూ కొవ్వొత్తి వెలిగించాను, ఊరికే, వదిన కోసం. ఎండు దుంపలు వేసిన పంది మాంసం పులుసు, ఫ్రికాసే, గిన్నెలో పెట్టాను. ప్రార్థనలు చేసేవాళ్ళు వచ్చారు, రొట్టెలు తీసుకుని వెళ్ళారు. ఎవరూ విమానం ముట్టుకోలేదు.

సాయంత్రం నిల్దా: "వచ్చారక్కా. అదే ఈగ."

"ఏం పెట్టావు?"

"నల్ల చిక్కుళ్ళు."

"నల్ల చిక్కుళ్ళు తింటారా ఆయన?" నా ఇంట్లో ఎప్పుడు పెట్టినా గిన్నె పక్కకు తోసేవారు. పోనీలే. అక్కడ తిన్నారు.

నవంబరు 2, గురువారం

తెల్లవారక ముందే లేచాను. ఐదుకు ఫోన్.

"ఎత్తేశానక్కా. గుడ్డ మడిచేశా. బయల్దేరారు." పెట్టేయబోతూ మళ్ళీ అంది, "కిటికీ పక్కనే కూర్చోమన్నా."

నేను కొత్త నీళ్ళు పోసి గ్లాసు నిండా పెట్టాను, అంచు దాకా. తలుపు తెరిచాను. ఏమీ కనిపించలేదు. వీధి లేదు, ఎదురిల్లు లేదు. మంచు. చెయ్యి చాస్తే చెయ్యి కనిపించనంత.

ఏడున్నరకు రెనాన్ గారికి ఫోన్ చేశాను. ఎప్పుడూ చేయలేదు ఆయనకు.

"మూసేశారమ్మా. ఒక్కటి దిగట్లేదు. వచ్చినవాటన్నిటినీ కొచబాంబాకి మళ్ళిస్తున్నాం."

కొచబాంబా. నిల్దా ఊరు! ఇంత దూరం వచ్చి, చివరికి ఆమె ఊళ్ళోనే దిగుతాడా? వదిన నా ముఖం చూసి ఏమైందంది. చెప్పాను. "వాడి జన్మలో ఒక్కసారైనా తిన్నగా ఇంటికొచ్చాడా," అని శాలువా కొసతో ముక్కు తుడుచుకుంది.

ఎనిమిదుంపావు. తొమ్మిది. కొవ్వొత్తి కదలలేదు. తొమ్మిదిన్నరకు నాకు కోపం వచ్చింది. రొట్టె విమానం కేసి చూస్తూ గట్టిగానే అన్నాను: "మూడు రోజులు పడుతుందంటే నమ్మాను. నలభై నాలుగు రోజులు ఊరుకున్నాను. ఈరోజు మాత్రం ఊరుకోను. నడిచైనా రా." వదిన అడ్డు రాలేదు. ఫ్రికాసే చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేశాను. పది. మళ్ళీ వేడి చేశాను.

పదీ నలభైకి ఫోన్. "సతుర్నీనమ్మా, తెరిచాం. మొదటిది దిగుతోంది," అన్నారు రెనాన్ గారు. అంతే అని పెట్టేశారు.

ముందు సన్నగా, దూరంగా, ఈగ తిరిగినట్టు మోత. తర్వాత దగ్గరకు. తర్వాత ఇంటి మీదే. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, చెరకు గడలు ఊగాయి, కొవ్వొత్తి పడుకుని లేచింది. గ్లాసులో నీళ్ళు వణికి, అంచు దాటి, నల్లగుడ్డ మీదికి ఒక చార కారాయి. మోత పోయాక చూశాను. నీళ్ళు గీత తగ్గాయి.

విమానాలు మా ఇంటి మీంచి రోజూ వెళ్తాయి. అద్దాలు రోజూ గలగలమంటాయి. గ్లాసు అంచు దాకా నింపింది కూడా నేనే. నాకు తెలుసు. నాకు తెలుసు.

"వచ్చారా," అన్నాను.

గిన్నె దగ్గరకు జరిపాను. పన్నెండు వరకూ గంటా పది నిమిషాలు. తిట్టాలనుకున్నవి అన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ఒక్కటీ తిట్టలేదు. ఉప్పునీళ్ళు కాచి, బల్ల కింద పెట్టాను. వదిన చూసి ఏడ్చింది. మేఘాలు పైనుంచి ఎలా ఉంటాయని అడిగాను. పదకొండేళ్ళు చూసి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు కదా అన్నాను. కోపంగా కాదు, అడిగాను అంతే.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా నిల్దాకు ఫోన్ చేసి, ఫోన్ తీసి రొట్టె విమానం పక్కన పెట్టాను.

"సవతి గొంతు బల్ల మీదా!" అంది వదిన.

"తన పూట నాకిచ్చింది వదినా. సాగనంపడంలో అయినా ఉండనీ."

గంటలు మోగాయి. నేను మా ఐమారా భాషలో, ఫోన్లోంచి ఆమె తన కెచువాలో, ఇద్దరం ఒకేసారి సాగనంపే మాటలు చెప్పాము. ఎవరి మాట ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. చివర్లో నేను ఒక్కటి కలిపాను: "ఇక బస్సని చెప్పక్కర్లేదు. విమానంలోనే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు వెనకగాలి."

కొవ్వొత్తి ఆర్పాను. ఉప్పునీళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

నవంబరు 10, శుక్రవారం

నల్లబట్టలు తీసేశాను. వదిన ఆకుపచ్చ శాలువా తెచ్చింది.

సమాధి ఎక్కడుందో నిల్దాకే తెలుసు. జనవరిలో పది రోజులు సెలవు అడిగాను, ఇచ్చారు. ఆ సంగతే ఆమెకు ఫోన్లో చెప్పాను.

"బస్సులో వస్తావా అక్కా?" అంది.

"ఇంత దగ్గరకి బస్సెందుకే?" అన్నాను.